ట్యాంకులో 100 ఆక్టేన్, ఖాతాలో 48 వేలు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు 1.32 లక్షలు వస్తాయి. పోయిన ఏడాది 2018 మోడల్ టర్బో స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో 24 లక్షలకు కొన్నాను. అందులో 16 లక్షలు లోన్ (13.5 శాతం, ఐదేళ్లు). పెట్రోల్ మూత లోపల 95 అని ఉంది. నేను 100 ఆక్టేన్ పోయించి, ప్రతి ట్యాంకుకూ ఒక ఆక్టేన్ బూస్టర్ సీసా కలుపుతున్నాను. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక ఇంజన్ గురించి టెన్షన్‌గా ఉంది. ఇంకేదైనా అడిటివ్ వాడాలా? రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) కోసం 2 లక్షల ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్ వచ్చింది. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పెట్రోల్ సంగతి త్వరగా తేల్చేస్తాను. ఆక్టేన్ అంటే బలం కాదు, నాకింగ్ (ఇంజన్ లోపల పెట్రోల్ అదుపు తప్పి మండి టకటక కొట్టడం) రాకుండా తట్టుకునే గుణం. మీ కారు కంపెనీ 95 అడిగింది, కాబట్టి 95 పోయించండి. ఇంజన్‌ను 100కి ట్యూన్ చేయకపోతే పైన పోసిన డబ్బు వల్ల మీకు తెలిసేంత తేడా ఏమీ ఉండదు. అమెరికా వీడియోల్లో 91, 93 అని చెప్తుంటారు, వాటిని మన బంకు నంబర్లతో పోల్చకండి. అక్కడ లెక్క వేరు, వాళ్ల 91 దాదాపు మన 95తో సమానం. ఇక బూస్టర్ సీసా మీద '10 పాయింట్లు పెంచుతుంది' అని ఉంటే మురిసిపోకండి. ఆ భాషలో ఒక పాయింట్ అంటే ఆక్టేన్‌లో పదో వంతు. పది పాయింట్లంటే ఒక్క నంబర్! దాన్ని మీరు 100 ఆక్టేన్‌లో కలుపుతున్నారు, అంటే పాయసంలో పంచదార చల్లుకున్నట్టు. మాంగనీస్ ఉండే బూస్టర్లయితే స్పార్క్ ప్లగ్‌ల మీద ఎర్రటి పూత కూడా వదులుతాయి. పెట్రోల్‌లోని ఇథనాల్‌ను ఏ సీసా తీసెయ్యలేదు. మీ మోడల్ హోస్‌లు, సీళ్లు ఈ20కి తట్టుకుంటాయా అని సర్వీస్ సెంటర్‌లో అడిగి, ఆ జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు విషయం. నేను అడిగితే మీరు పంపిన కాగితాలు చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మీకెలా పడుతోందో.

ఈఎంఐ 36,800. అద్దె 26 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు 15 వేలు, ఇంటి ఖర్చు 22 వేలు. నెలకు 80 లీటర్ల పెట్రోల్, మీ బిల్లుల ప్రకారం లీటరు 160 చొప్పున 12,800, రెండు బూస్టర్ సీసాలు 2,400. మొత్తం 1.15 లక్షలు. మిగిలిన 17 వేలలో 5 వేలు సిప్‌కి, 12 వేలు క్రెడిట్ కార్డుకి. ఆ కార్డు మీద 1.85 లక్షల బాకీ ఉంది, నెలకు 3.5 శాతం వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే మీరు కట్టే 12 వేలలో దాదాపు 7,600 వడ్డీకే పోతోంది. సేవింగ్స్ ఖాతాలో 48 వేలు. రేపు ఉద్యోగం పోతే అది పన్నెండు రోజులకు వస్తుంది. పదమూడో రోజు ఏం చేస్తారు?

చాలామంది పట్టించుకోనిది ఒకటి చెప్తాను. కార్డు బాకీ పూర్తిగా కట్టకుండా కనీస మొత్తంతో నెట్టుకొస్తుంటే, కొత్తగా గీకిన దానికీ గడువు రోజులు ఉండవు, మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. మీరు బంకులో గీకుతున్నది ఆ కార్డే. పెట్రోల్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆదివారం పొద్దున్నే కాలిపోతుంది, వడ్డీ మాత్రం నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది. దాని పైన ఇంకో 2 లక్షల పర్సనల్ లోనా? ఒక రీమ్యాప్ కోసమా?

ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి నాకు నిజంగా కోపం వచ్చింది. 24 లక్షల కారుకి థర్డ్ పార్టీ (మీ వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చే బీమా) మాత్రమే ఉంది! మీ సొంత కారు నష్టానికీ వర్తించే కాంప్రహెన్సివ్ పాలసీకి జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల పాతదనానికి కోత పెట్టకుండా ఇచ్చేది), ఇంజన్ ప్రొటెక్షన్‌తో కలిపి 58 వేలు కొటేషన్ ఇస్తే 'ఎక్కువ' అని వదిలేశారు. మీరు 95కి దిగి సీసాలు మానేస్తే నెలకు సుమారు 6 వేలు, ఏడాదికి 72 వేలు మిగులుతాయి. ప్రీమియం కన్నా ఎక్కువ సొమ్ము ట్యాంకులో పోస్తున్నారు. పైగా లోన్ ఉన్న కారుకి కాంప్రహెన్సివ్ తప్పనిసరి అని మీ లోన్ అగ్రిమెంట్‌లోనే ఉంటుంది, తీసి చదవండి. కారు దొంగ ఎత్తుకుపోయినా మిగిలిన వాయిదాలు మీవే.

రెండేళ్ల కింద నా దగ్గరికి ఒకాయన వచ్చారు. మీలాగే నేలకు ఆనుకుని ఉండే కారు. వానలో అండర్‌పాస్ నీళ్లలో ఆగిపోతే, కంగారులో మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కారు. ఇంజన్ నీళ్లు మింగింది, కనెక్టింగ్ రాడ్ వంగింది. కాంప్రహెన్సివ్ ఉంది గానీ ఇంజన్ ప్రొటెక్షన్ లేదు. ఆరు లక్షల పైచిలుకు బిల్లు చేతి నుంచి కట్టారు, అందులో సగం అప్పే. హైదరాబాద్ వానలు మీకు నేను చెప్పాలా? ఒకవేళ ఎప్పుడైనా రీమ్యాప్ చేయిస్తే బీమా కంపెనీకి ముందే చెప్పాలి. దాచిపెడితే క్లెయిమ్ రోజు అదే సాకు అవుతుంది.

చేయాల్సింది ఇది. మ్యూచువల్ ఫండ్‌లో ఉన్న 2.2 లక్షలు అమ్మి కార్డు బాకీ మొత్తం కట్టేయండి. 42 శాతం వడ్డీని మించి సంపాదించి పెట్టే ఫండ్ నాకు తెలియదు. మిగిలిన 35 వేలకు సేవింగ్స్ నుంచి 23 వేలు కలిపి కారు ప్రీమియం కట్టండి. సిప్ ఏడాది ఆపండి. దాంతో నెలకు 23 వేలు చేతిలో ఆడతాయి, అదంతా విడిగా ఒక ఖాతాలో వేయండి, ఆరు నెలల ఖర్చు పోగయ్యేదాకా. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడ్డారు కాబట్టి టర్మ్ పాలసీ, ఆఫీసుతో సంబంధం లేని హెల్త్ పాలసీ ఈ ఏడాదే తీసుకోండి, ఆ ప్రీమియాలు కూడా ఈ 23 వేలలోంచే. ఇదంతా కుదరదనిపిస్తే కారు అమ్మేయండి, అదీ మంచి నిర్ణయమే.

థర్డ్ పార్టీ నుంచి కాంప్రహెన్సివ్‌కి మారేటప్పుడు బీమా వాళ్లు కారును చూసి ఫొటోలు తీసుకుంటారు. దాన్ని ఈ శనివారమే పెట్టించుకోండి, ఇంజన్ ప్రొటెక్షన్ లేకుండా వానాకాలంలోకి వెళ్లొద్దు. బూస్టర్ సీసాలు తెరవనివి ఉంటే షాపు వాడు వెనక్కి తీసుకుంటాడేమో అడగండి.