వగరు అనే మాట మనకుందిగా

లాసన్స్ బే కాలనీ,
విశాఖపట్నం.

తమ్ముడూ,

షిరాజ్ అనే ఎర్ర వైన్ మీద నీ వ్యాసం అందింది. మొదటిసారి చదివితే బాగుందనిపించింది, రెండోసారికి అనుమానమొచ్చింది. "బ్లాక్‌కరెంట్, సెడార్ చెక్క, పాత తోలు" అని వరసపెట్టి రాశావు. బ్లాక్‌కరెంట్ ఎప్పుడు తిన్నావురా నువ్వు? పూర్ణా మార్కెట్లో నేరేడుపళ్లు కొనుక్కుని నాలుక ఊదారంగు చేసుకున్నవాడివి! ఆ పండు పేరే రాయి. చదివేవాడికి నోరూరుతుంది.

టానిన్ దగ్గర మరీ తంటాలు పడ్డావు. "నోటిని పట్టి ఉంచే నిర్మాణం" అట. దాన్ని వగరు అంటాం కదయ్యా. ఏటా ఉగాది పచ్చట్లో మామిడి పిందె తెచ్చిపెట్టే రుచి. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వైన్‌లోకి దిగిన టానిన్ మన లాలాజలంలో ప్రోటీన్లకు అతుక్కుంటుంది, అందుకే నోరు పిడచకట్టినట్టవుతుంది. బాగా మరిగిన టీ డికాక్షన్ పాలు పొయ్యకుండా తాగి చూడు, అదే వగరు. పాలు పోశావా, మెత్తబడుతుంది. వేటమాంసం పక్కన ముదురు ఎర్ర వైన్ మెత్తబడేదీ ఇంచుమించు అలాగే. టానిన్‌కి అతుక్కోడానికి ఇంకో ప్రోటీన్ దొరికింది మరి.

"మిరియాల ఘాటు గుప్పుమంది" అన్నావు. నిజంగా గుప్పుమందా, సీసా వెనక చదివావా? షిరాజ్‌లో ఆ వాసన తెచ్చేది రొటండోన్ అనే పదార్థం. మిరియాల్లో ఉండేదీ అదే. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆ సంగతి ప్రచురించారు. తమాషా ఏమిటంటే, సుమారు ఐదుగురిలో ఒకరి ముక్కుకి అది అసలు ఆననే ఆనదు. నీ ముక్కు ఏ జట్టో ముందు తేల్చుకో. అరకు కాఫీతోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకునే మిరియం ఉంది చూడు, నాలుగు గింజలు చిదిపి గ్లాసు పక్కన పెట్టుకుని వాసన చూడు. తెలియకపోతే తెలియలేదనే రాయి.

ఇక నంజుకోడానికి పచ్చిమిర్చి కోడివేపుడు సిఫారసు చేశావు. వైన్‌లో ఆల్కహాలే 14 శాతం ఉంటే, అది కారం మంటని ఇంకా ఎగదోస్తుంది. కారం తగ్గించి, మిరియం, ఉప్పు కాస్త ముందుండేలా చేసిన మటన్ వేపుడు పెట్టు. ఉప్పు వగరు పదును తగ్గిస్తుంది. అరకు బొంగులో చికెన్ కూడా, కారం పట్టించొద్దని చెప్పి చేయిస్తే, ఆ పొగవాసనతో బాగా పోతుంది.

చేపల సంగతి నా తప్పుతోనే నేర్చుకున్నాను. ఓసారి ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం తెచ్చి, పులుసు పెట్టి, చుట్టాలకి కాబర్నే సావిన్యాన్ అనే ఎర్ర వైన్ పోశాను. మొదటి గుక్కకే నోట్లో తుప్పుపట్టిన మేకు చప్పరించినట్టయింది. ఆ పైన నీచు. ఎవరూ పైకి అనలేదు. నేనేమో మర్నాడు "అపూర్వమైన జోడీ" అని వ్యాసం రాసి పంపాను! ఒక పాఠకుడు కార్డు రాశాడు: "అయ్యా, తమరు తాగి రాశారా, తాగకుండా రాశారా?" ఇప్పటికీ జవాబివ్వలేదు. కారణం చాలా ఏళ్లకి తెలిసింది. వైన్‌లో ఇనుము ఎక్కువుంటే సముద్రపు తిండితో కలిసి నీచువాసన రేపుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఎర్ర వైన్లలో ఇనుము తరచూ కాస్త ఎక్కువే.

"గది ఉష్ణోగ్రతలో వడ్డించాలి" అన్న వాక్యం కొట్టెయ్. అది చలిదేశపు గది. మన మే నెల గదిలో సీసా పెడితే ముక్కుకి స్పిరిట్ తప్ప ఇంకేదీ అందదు. 16 నుంచి 18 డిగ్రీలు చాలు, అంటే ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచాలి.

సవరించి ఆదివారంలోగా పంపు. మాడుగుల హల్వా పేరా మాత్రం తీసెయ్. అంత తీపి తిన్న నోటికి ఈ వైన్ పుల్లగా, చేదుగా తగులుతుంది. హల్వా విడిగా నాకు పంపించు.

నీ అన్నయ్య