ఒకే ప్రిన్సిపాల్ ఇరవై ఏళ్లు ఉన్న పాలిటెక్నిక్‌లో చేర్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి పాలిసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. మెకానికల్ డిప్లొమా చేస్తానంటోంది. మాకు దగ్గర్లోని కాలేజీకి ఇరవై ఏళ్లుగా ఒకాయనే ప్రిన్సిపాల్. అది మంచిదని కొందరు, కాలేజీ అక్కడే ఆగిపోయిందని కొందరు అంటున్నారు. ఏంచేయాలో తోచక టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, తెనాలి)

జవాబు: ఇరవై ఏళ్లన్న మాట పక్కన పెట్టండి. ఆ ఇరవై ఏళ్లలో కాలేజీకి ఏం చేరిందో చూడాలి.

అమెరికాలోని అలబామాలో నల్లజాతివారి కోసం పెట్టిన టస్కేగీ అనే వృత్తివిద్యా సంస్థ ఉండేది, ఇప్పుడది యూనివర్సిటీ. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1881లో, పాతికేళ్ల వయసులో దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. మొదట్లో పిల్లలు 30 మందే, వానకు కారే పాకలో చదువు. 1915లో చనిపోయేదాకా ఆయనే ప్రిన్సిపాల్. అప్పటికి విద్యార్థులు దాదాపు 1,500 మంది, భవనాలు నూరు పైచిలుకు. చాలా భవనాలను విద్యార్థులే కట్టారు, ఇటుకలు కూడా వాళ్లే కాల్చారు. మొదటి మూడు బట్టీలూ పాడైపోతే ఆయన తన గడియారం తాకట్టు పెట్టి, వచ్చిన 15 డాలర్లతో నాలుగోది కాల్పించారు. ఊళ్లో ఇంకెక్కడా ఇటుకలు దొరక్క చుట్టుపక్కల తెల్లవాళ్లూ వచ్చి కొనుక్కెళ్లారు. చేతిపని నేర్పడమంటే నా దృష్టిలో ఇదీ: పిల్లలు చేసింది బయట అమ్ముడుపోవాలి.

ఇంకో సంగతి, నాకు ముఖ్యమనిపించేది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆర్కిటెక్చర్ చదివిన రాబర్ట్ టేలర్‌ను 1892లో, వ్యవసాయ శాస్త్రవేత్త కార్వర్‌ను 1896లో ఆయన తీసుకొచ్చారు. తన తర్వాత కూడా నిలిచే మనుషులను చేర్చుకున్నారన్నమాట. అయితే, చేతిపనులకే పెద్దపీట వేసి పైచదువులను చిన్నచూపు చూస్తున్నారని నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ 1903లో గట్టిగా విమర్శించారు. ఆ విమర్శలో బలం ఉంది. టస్కేగీలో డిగ్రీ కోర్సులు వాషింగ్టన్ పోయాకే వచ్చాయి.

కాబట్టి ఒక పనిరోజు మీ అమ్మాయిని తీసుకుని ఆ కాలేజీకి వెళ్లండి. ముందు వర్క్‌షాప్ చూడండి. లేత్ మిషన్ల దగ్గర పిల్లలు నిలబడి పని చేస్తున్నారా, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద కవరు కప్పి ఉందా? ఈ పదేళ్లలో కొత్తగా వచ్చిన ల్యాబ్ ఏదని అడగండి. సీనియర్ లెక్చరర్లు ఎన్నాళ్లుగా ఉన్నారో కూడా కనుక్కోండి. ప్రిన్సిపాల్ మాత్రం కదలకుండా, మిగతావాళ్లు ఏడాదికొకరు మారిపోతుంటే నేనైతే చేర్పించను. పైచదువు సంగతీ వదలొద్దు: డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. కిందటేడు ఎందరు అలా వెళ్లారో, ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి ఏ కంపెనీలకు పంపారో ఫైనలియర్ పిల్లలను విడిగా అడగండి.

మెకానికల్ బ్రాంచికి ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందేమో కూడా చూసుకోండి, అది బ్రాంచివారీగా ఇస్తారు. ఇవన్నీ వెబ్ ఆప్షన్లు పెట్టకముందే పూర్తి చేయండి.