లండన్ నుంచి ఫ్రెంచ్ ఆల్ప్స్‌కి పిల్లలతో కారులో స్కీయింగ్‌కి వెళ్లొచ్చా?

హాయిగా వెళ్లొచ్చు, కానీ ఒక్క రోజులో చేరిపోవాలని మాత్రం పెట్టుకోకండి. ఇంగ్లండ్ తీరంలోని ఫోక్‌స్టన్‌లో కారుతో సహా రైలెక్కితే 35 నిమిషాల్లో ఫ్రాన్స్‌లోని కలే (Calais) ఊరు వస్తుంది, అక్కడి నుంచి ఇంకా దాదాపు 900 కిలోమీటర్లు, కాబట్టి పిల్లలుంటే రాత్రికి దారిలో డిజోన్ నగరం దగ్గర ఆగిపోవడం నయం.

నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఆ కొండ ప్రాంతాల్లో చాలాచోట్ల వింటర్ టైర్లు వేసుండాలి, లేదంటే మంచులో జారకుండా టైర్లకి చుట్టే చెయిన్లయినా డిక్కీలో ఉండాలి. ఆ చెయిన్లు బయల్దేరే ముందే ఇంటి దగ్గర ఒకసారి బిగించి చూడండి, ఎందుకంటే చీకట్లో, మంచులో మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు కొంకర్లు పోతుంటే టైరు వెనకాల కొక్కెం చేతికి దొరకదు. రిఫ్లెక్టివ్ జాకెట్ సీటు దగ్గరే ఉంచుకోండి. శనివారం ప్రయాణం వద్దు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందరూ ఆ రోజే!