కాంట్రాస్ట్ ఎక్కించే చేతికి కొన్ని జాగ్రత్తలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

భీమవరంలో సీటీ స్కాన్ విభాగంలో చేరావని, వచ్చే వారం నుంచి కాంట్రాస్ట్ కేసులు, అంటే రక్తనాళాలు, అవయవాలు స్పష్టంగా కనబడేందుకు అయోడిన్ ఉన్న మందును నరంలోకి ఎక్కించి తీసే స్కాన్లు కూడా నీకు అప్పగిస్తారని మీ నాన్న చెప్పాడు. యంత్రం నడపడం అక్కడి సీనియర్లు నేర్పుతారు. రేడియోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరైన నేను నీకు రాయదలచుకున్నది మందు ఎక్కించడానికి ముందు రోగితో మాట్లాడే కాసేపటి గురించి, ఎక్కించిన తరువాత గడిచే అరగంట గురించి. ప్రమాదం తప్పేదీ ముదిరేదీ ఎక్కువగా అక్కడే.

ముందుగా రొయ్యల సంగతి చెప్పాలి. ఉండి నుంచో ఆకివీడు నుంచో ఒకావిడ వస్తుంది, రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయంటుంది, ఆవిడ ఫైలు మీద ఎవరో ఎర్ర సిరాతో ‘అయోడిన్ పడదు’ అని రాసి ఉంటారు. రొయ్య పడకపోవడానికి ముఖ్య కారణం దాని కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. అందులో అయోడిన్ ప్రమేయమేమీ లేదు. గాయాలకు పూసే పోవిడోన్ అయోడిన్‌తో చర్మం ఎర్రబడినవారి విషయమూ అంతే. అయోడిన్ మన థైరాయిడ్ గ్రంథికి రోజూ కావలసిన మూలకం కనుకనే దానిని ఉప్పులో కలిపి మరీ అమ్ముతున్నారు. ఏదో ఒక అలర్జీ ఉన్నవారికి ముప్పు కాస్త ఎక్కువే కానీ, రొయ్య పడదన్న ఒక్క కారణంతో కాంట్రాస్ట్ మానేయనక్కరలేదు. అలా మానేసి ఉత్త స్కాన్ తీసి పంపితే ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డకట్టిన రక్తమో, కాలేయంలో చిన్న కణితో కనబడకుండా పోవచ్చు. ఆ నష్టం కూడా రోగిదే అన్న సంగతి ఎన్నడూ మరచిపోకు.

అందుచేత నువ్వు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: “ఇంతకు ముందు ఎప్పుడైనా మందు ఎక్కించి స్కాన్ తీశారా అండీ, అప్పుడు ఏమైంది?” ఒళ్లు వేడెక్కిందనో, నోట్లో ఏదో లోహపు రుచి తగిలిందనో, మూత్రం వచ్చినట్టనిపించిందనో చెబితే అది మందు సహజ లక్షణమే. నువ్వే ముందుగా ఆ మాట చెప్పి ఉంచితే రోగి బల్ల మీద కంగారుపడి కదలడు. దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం వంటివి వచ్చాయంటే మాత్రం అక్కడే ఆగి రేడియాలజిస్టుకు చెప్పు. ఆయన వేరే కాంట్రాస్ట్ ఎంచుకోవచ్చు, లేదా స్కాన్‌కు 13 గంటల ముందు, 7 గంటల ముందు, గంట ముందు 50 మిల్లీగ్రాముల చొప్పున అలర్జీని అణిచే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇప్పించవచ్చు. ఆ లెక్క చూస్తేనే తెలుస్తుంది, ఈ ప్రశ్న అపాయింట్‌మెంట్ ఇచ్చేనాడే అడగాలి కానీ బల్ల ఎక్కించాక కాదని. ఉబ్బసం ఉందేమో, బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నారేమో కూడా అడిగి రాసుకో. ఆ బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి, రియాక్షన్ ముదిరితే ఇచ్చే అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు.

ఈనాటి మందులు ఇంత సురక్షితంగా ఉండడానికి ఒక మనిషి ఆలోచన కారణం. నీటిలో విద్యుదావేశమున్న కణాలుగా విడిపోయే పాత అయానిక్ మందుల గాఢత రక్తం కంటే ఐదారు రెట్లు ఉండేది, నాళంలోకి వెళ్లగానే మంట పుట్టించేది. స్వీడన్ వైద్యుడు టోర్‌స్టెన్ ఆల్మెన్‌కు చిన్ననాడు తమ పడమటి తీరపు ఉప్పునీటిలో ఈదితే కళ్లు మండేవనీ, ఉప్పు తక్కువైన బాల్టిక్ నీటిలో అంతగా మండేవి కావనీ గుర్తొచ్చింది. అంతర్వేదిలో సముద్రంలోనూ గోదావరిలోనూ మునిగినవాళ్లకు ఆ తేడా వేరే చెప్పనక్కరలేదు. ఆ దారిన ఆయన 1960ల చివర, అలా విడిపోని, గాఢత తక్కువైన నాన్ అయానిక్ మందును ప్రతిపాదించాడు. నువ్వు వాడబోయే అయోహెక్సాల్ ఆ కోవలోనిదే. అయోడిక్సనాల్ అనే మరో మందు గాఢత రక్తంతో సమానం. అయినా సీసా మీది పేరు, గాఢత, గడువు తేదీ ప్రతిసారీ చదువు. పాత అయానిక్ మందు పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణమే పోవచ్చు.

కిడ్నీల విషయంలో క్రియాటినిన్ అనే రక్తపరీక్ష అంకె ఒక్కటే చూసి తృప్తిపడకు. వయసు కూడా లెక్కలోకి తీసుకుని, కిడ్నీలు రక్తాన్ని ఎంతగా వడకడుతున్నాయో అంచనా చెప్పే ఈజీఎఫ్‌ఆర్ చూడు. అది 30 కంటే తక్కువైతే డాక్టరు నిర్ణయం లేకుండా ముందుకు పోవద్దు. ఎండాకాలంలో మలికిపురం వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి, రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చే ముసలివారు ఉంటారు, వాళ్లలో కొందరు కీళ్ల నొప్పులకు, కిడ్నీలకు చేటు చేయగల డైక్లోఫెనాక్ మింగుతూ ఉంటారు. ఈ మందులకు అంత కటిక ఉపవాసం అవసరం లేదు, కనీసం నీళ్లు తాగవద్దని ఎవరికీ చెప్పకు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువైనా, కిడ్నీలు అప్పుడే దెబ్బతిన్నా స్కాన్ నాడు ఆ మాత్ర ఆపి, 48 గంటల తరువాత మళ్లీ పరీక్ష చూసి మొదలుపెట్టిస్తారు. మిగతావారికి ఆపనక్కరలేదు. అదుపులో లేని హైపర్ థైరాయిడ్, రేడియో అయోడిన్ చికిత్సకు వెళ్లవలసినవారు, గర్భం అనుమానం, ఈ మూడూ డాక్టరుకు చెప్పు. పాలిచ్చే తల్లి పాలు మానవలసిన పని లేదు.

ఇంజెక్టర్ పెట్టేముందు ట్యూబులో గాలి లేదని చూసి, సెలైన్ తోసి కాన్యులా, అంటే మందు ఎక్కించే సన్నని గొట్టం, నరంలోనే ఉందని తేల్చుకో. మందు మొదలైన తొలి క్షణాలలో, నీ స్కాన్ గదిలో వీలున్నంత వరకు, మోచేతి మడతలో కాన్యులా పక్కన వేలు ఆనించి ఉంచు; చర్మం కింద చిన్న ఉబ్బు తగిలిందంటే మందు బయటకు పోతున్నట్టే. వెంటనే ఆపి, చేయి ఎత్తి పెట్టి, చల్లని గుడ్డ వేయి. వాపు పెరిగినా, బొబ్బలు లేచినా, వేళ్లు మొద్దుబారినా సర్జన్‌ను పిలవాలి.

తీవ్రమైన రియాక్షన్లలో ఎక్కువ భాగం మొదటి 20 నిమిషాల్లోనే వస్తాయి కనుక అరగంటదాకా కాన్యులా తీయకు, రోగిని కళ్లెదుట కూర్చోబెట్టు. గొంతు బిగిసినా, బీపీ పడి నాడి వేగంగా కొట్టుకున్నా, మామూలు అలర్జీకి ఇచ్చే అవిల్, హైడ్రోకార్టిసోన్ ఇచ్చి చూద్దామని కాలయాపన చేయడం ప్రాణాంతకం. ముందు వెళ్లవలసినది అడ్రినలిన్: పెద్దవారికి మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే మందు 0.3 నుంచి 0.5 మిల్లీలీటర్లు, తొడ వెలుపలి కండలోకి. ఆంపూల్, సిరంజి, ఆక్సిజన్ ఎక్కడున్నాయో డ్యూటీ ఎక్కగానే నీ చేత్తో తాకి చూసుకో, డాక్టరు ఏ గదిలో ఉన్నారో కనుక్కో.

దద్దుర్లు కొందరికి గంటల తరువాత, ఒక్కోసారి వారం లోపల వస్తాయి. అప్పటికి మనిషి పంటు దాటి లంక గ్రామంలో ఉంటాడు. అందుకని ఫోన్ నంబరు రాసిన చీటీ ఇచ్చి పంపు. రియాక్షన్ వస్తే ఏ మందు, ఎంత, ఎన్ని నిమిషాలకు, ఏమేం కనిపించింది, దేనికి తగ్గింది అన్నీ ఫైల్లో వివరంగా రాసి, రోగి చేతికి కూడా ఒక కాగితం ఇవ్వు. ఆ కాగితంలో మందు పేరు లేకపోతే తరువాతి ఆసుపత్రివాళ్లు దానికి బదులు ఏది వాడాలో తేల్చుకోలేరు.

ఇట్లు,
మీ పెదనాన్న