గ్లామర్ వెనుక వ్యాకరణం

ప్రశ్న: మా అమ్మాయి గ్లాస్గోలో చదువుతోంది. ఇంటి ఓనరమ్మ సంచి పట్టుకుని ‘మెసేజెస్‌కి వెళ్తున్నా’ అంటుందట. ‘గ్లామర్’ కూడా స్కాట్‌లాండ్‌లో మాట్లాడే మా స్కాట్స్ భాష మాటేనని చెప్పిందట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రెండూ నిజమేనండీ. ముందు గ్లామర్ సంగతి. దాని మూలం గ్రామర్, సాక్షాత్తూ వ్యాకరణం! కాలేజీలో గ్రామర్ చెప్పి రిటైరైనదాన్ని, నా క్లాసులో ఎవరికీ గ్లామర్ కనిపించిన దాఖలాల్లేవు. మధ్యయుగాల్లో గ్రామర్ అంటే లాటిన్ చదువు. ఆ పుస్తకాలు పట్టుకు తిరిగేవాళ్లకు మంత్రాలూ వచ్చేమోనని చదువురాని జనానికి అనుమానం. అలా ఆ మాటకు మంత్రవిద్య అనే అర్థం తగులుకుంది. స్కాట్‌లాండ్ వాళ్ల నోట్లో ‘ర’ కాస్తా ‘ల’ అయింది. ఎవరి కళ్లమీదనైనా ‘గ్లామర్ వేశారు’ అంటే, లేనిది ఉన్నట్టు చూపించారని. అచ్చంగా మన కనికట్టే. స్కాట్‌లాండ్ కవి వాల్టర్ స్కాట్ 1805లో తన కావ్యంలో వాడాక ఇంగ్లీషువాళ్లకూ బాగా అలవాటైంది. అందచందాలకు అంటుకున్నది ఆ తర్వాతే, హాలీవుడ్ దాన్ని ఊరూరా తిప్పింది. ‘గ్లామర్ రోల్’ అని రాసే మన సినిమా పేజీలవాళ్లు తెలియకుండానే పాత అర్థానికి దగ్గరగా ఉన్నారు. ఆ మేకప్పు, లైటింగు కనికట్టు కాక మరేమిటి?

ఇక మెసేజెస్. కబురు మోసుకెళ్లడం కాస్తా ఏదో పనిమీద వెళ్లిరావడమైంది, చివరికి తెచ్చుకునే సరుకులకే ఆ పేరు స్థిరపడింది. సంచిలో ఉండేవి పాలు, బ్రెడ్డు, బంగాళాదుంపలు. మాంసం వడ్డించే పెద్ద పళ్లేన్ని ఏమంటారో కూడా అడగమనండి. పాతకాలం మనిషైతే ‘ఆషెట్’ అంటుంది. అది ఫ్రెంచి ‘అసియెట్’. ఇంగ్లండ్‌కు వ్యతిరేకంగా 1295లో ఫ్రాన్స్‌తో పొత్తు పెట్టుకున్న దేశం కదా, వంటింట్లోకీ ఫ్రెంచి వచ్చింది.

ప్రశ్న: స్కాట్స్, గేలిక్ ఒకటేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు. గేలిక్ ఐరిష్‌కు చుట్టం. స్కాట్స్, ఇంగ్లీషు తోబుట్టువులు, రెండూ పాత ఇంగ్లీషు నుంచి పుట్టినవే. పక్కపక్కన ఉన్నాక మాటలు అటూ ఇటూ పోతాయనుకోండి. మన ఎన్నికల్లో హోరెత్తే ‘స్లోగన్’ గేలిక్‌లో సైన్యం పెట్టే కేక, స్కాట్స్ మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లింది. స్కాట్స్ ఉత్త యాసేనని కొట్టిపారేసేవాళ్లు అక్కడా ఉన్నారు. నేను ఒప్పుకోను. 2011 జనాభా లెక్కల్లో 15 లక్షల మందికి పైగా తమకు స్కాట్స్ మాట్లాడటం వచ్చని చెప్పారు. జాన్ జేమీసన్ 1808లోనే ఆ భాషకు, మాటల పుట్టుపూర్వోత్తరాలతో సహా, నిఘంటువు వేశాడు.