టీవీ చర్చలో నోరు జారితే...

ప్రశ్న: టీవీ చర్చలో దొర్లిన ఒక్క మాట అమెరికా అధ్యక్ష ఎన్నిక ఫలితాన్నే మార్చేస్తుందంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇందుకు అందరూ 1960 నాటి కెనెడీ, నిక్సన్‌ల చర్చనే ఉదాహరిస్తారు కానీ, నా దృష్టిలో 1976 అక్టోబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన చర్చలో ప్రత్యర్థి జిమ్మీ కార్టర్‌తో తలపడినప్పుడు అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ అన్న మాట ఇంకా ఆసక్తికరమైనది. తూర్పు యూరప్‌పై సోవియట్ ఆధిపత్యం లేదని ఆయన ప్రకటించారు. పోలండ్, హంగరీలలో సోవియట్ సేనలు తిష్ఠ వేసి ఉన్న కాలమది! ప్రశ్న వేసిన న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు మాక్స్ ఫ్రాంకెల్, తాను విన్నది సరైనదేనా అన్నట్టు మళ్లీ అడిగి దిద్దుకునే వీలు కల్పించినా, ఫోర్డ్ యుగోస్లావియా, రొమేనియా, పోలండ్‌ల పేర్లు వరుసగా చెప్పి, అక్కడి ప్రజలు తాము సోవియట్ ఆధిపత్యంలో ఉన్నామని భావించడం లేదంటూ చిక్కుముడిని మరింత బిగించుకున్నారు.

విచిత్రమేమిటంటే, చర్చ ముగిసీ ముగియగానే ప్రేక్షకుల్లో చాలామంది ఆ మాటను పట్టించుకోనేలేదు. వార్తల్లో అదే పనిగా వినిపించాకే అభిప్రాయం కార్టర్ వైపు మొగ్గింది. పొరపాటును ఒప్పుకోవడానికి ఫోర్డ్‌కు దాదాపు వారం పట్టింది.

కార్టర్ 297–240 ఎలక్టోరల్ ఓట్లతో (రాష్ట్రాలవారీ ప్రతినిధులు వేసే, అధ్యక్షుణ్ని తేల్చే ఓట్లు) గెలిచారు. తూర్పు యూరప్ మూలాలున్న కుటుంబాలు గణనీయంగా ఉన్న ఒహాయో రాష్ట్రంలో తేడా సుమారు 11 వేల ఓట్లే. అయినా నేరమంతా ఆ ఒక్క మాటకే అంటగట్టలేం. వాటర్‌గేట్ కుంభకోణంతో అధ్యక్ష పదవికి రాజీనామా చేసిన నిక్సన్‌కు ఫోర్డ్ ప్రసాదించిన క్షమాభిక్ష, నాటి ధరలు, నిరుద్యోగం అంతకుముందు నుంచే ఓటర్ల మనసులో మెదులుతున్నాయి.