ఉక్రోషం వచ్చిన పిల్లవాడు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర ఒక పల్లె. మా అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్నాడు. చురుకైనవాడే కానీ ఓటమిని ఏ మాత్రం ఓర్చుకోలేడు. పోయిన నెలలో భాగహారం లెక్క తప్పిందని టీచరుగారు ఎర్రసిరాతో కొట్టివేయగానే, నోటుపుస్తకంలోని ఆ కాగితాన్ని అందరి ముందూ చించేశాడట. ఆమె అతణ్ణి చాలాసేపు తరగతి బయట నిలబెట్టారు. ఇంట్లో క్యారమ్స్‌లో ఓడిపోతే కాయిన్లన్నీ విసిరేస్తాడు. నాలుగు తగిలిస్తే గానీ దారికి రాడని మావారు అంటారు. మగపిల్లవాడు ఏడవకూడదనే మా అత్తగారే, వాడు ఏడుపు మొదలుపెట్టగానే సెల్‌ఫోన్ చేతిలో పెడతారు. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల కాలంలో మాకు రాత్రిళ్లు నిద్రా ఉండదు, పగలు ఓపికా ఉండదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో అందరూ దీనిని కోపమనే అనుకుంటున్నట్టుంది. కోపం వచ్చినవాడు సాధారణంగా ఎదుటివారి మీదికి వెళతాడు. మీ అబ్బాయి చించుకున్నది తన పుస్తకాన్నే. తనకు వచ్చుననుకున్నది రాక, ఆ సంగతి పదిమందిలో బయటపడినప్పుడు కళ్లలో నీళ్లతో పాటు పుట్టే ఆ మంటకు మన భాషలో ఉక్రోషం అనే మాట ఉంది. కోపం, రోషం, ఉక్రోషం, అలక, కినుక, బెంగ, దిగులు అని ఇన్ని ఛాయలను విడివిడిగా చెప్పగల భాషలో పుట్టి, ఈనాటి పిల్లలు అన్నింటికీ ‘టెన్షన్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడం నాకు బాధగానే ఉంటుంది. ఇది కేవలం భాషాభిమానం కాదు. భయం, కోపం కనిపించే ముఖాల చిత్రాలను చూస్తున్నవారు ఆ భావానికి తగిన మాటను ఎంచుకున్నప్పుడు, మెదడులో ఆపదను పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఉధృతి తగ్గుతుందని లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించారు. కాబట్టి ‘ఎందుకురా అంత కోపం?’ అని అడగకుండా, ‘లెక్క వచ్చుననుకున్నావు, తప్పింది, ఉక్రోషం వచ్చింది కదూ’ అని మీరే ఆ మాటను అందించండి. మొదట్లో కాదంటాడు. కొన్నాళ్లకు తనే వచ్చి చెబుతాడు.

అయితే ఆ మాట చెప్పడానికీ సమయం చూసుకోవాలి. ఆవేశాన్ని ఆపి ఆలోచింపజేసే భాగం, అంటే నుదుటి వెనుక ఉండే మెదడు, పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవై అయిదేళ్ల వయసు వరకూ పడుతుంది. ఉక్రోషం పొంగుతున్న తొమ్మిదేళ్ల పిల్లవాడికి అప్పుడే నీతులు చెబితే ఏవీ లోపలికి వెళ్లవు. దెబ్బ వేస్తే ఉక్రోషానికి భయం తోడవుతుంది. బ్యారన్‌లో వేడిని ఒక్కసారిగా పెంచితే ఆకు పాడవుతుందని మీ వారికి నేను చెప్పనక్కరలేదు. ఆ నిమిషంలో వాడికి కావలసింది పక్కన నిబ్బరంగా కూర్చునే పెద్దమనిషి. పిల్లలు తమను తాము సముదాయించుకోవడం నేర్చుకునే ముందు, చాలాకాలం పెద్దల నెమ్మదిని అరువు తెచ్చుకుంటారు. నిద్ర లేని రాత్రుల తరువాత మీ దగ్గరే అది లేకపోతే, ‘నాకూ ఇప్పుడు చిరాకుగా ఉంది, కాసేపాగి మాట్లాడతాను’ అని ఉన్నదున్నట్టు చెప్పి లేచి వెళ్లండి. అది వాడికి తప్పించుకోవడంగా కనబడదు, ఒక పద్ధతిగా కనబడుతుంది.

ఊపిరి సంగతి వాడికి కబడ్డీతో నేర్పవచ్చు. ఊపిరిని నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. కూత పెట్టే పిల్లలకు ఒకే ఊపిరిని సాగదీయడం ముందే తెలుసు కనుక, అదే కూతను గొంతు తగ్గించి, పరుగు లేకుండా, కూర్చుని ఎంతసేపు లాగగలడో చూడమనండి. ఇది వాడు హుషారుగా ఉన్నప్పుడు రోజూ ఆటగా సాగాలి. ఆవేశంలో ఉన్నప్పుడు కొత్తగా నేర్పబోతే విసుక్కుంటాడు.

క్యారమ్స్‌లో వాడి కోసం మీరు కావాలని ఓడిపోకండి. చిన్న చిన్న ఓటములు ఇంట్లోనే, మనవాళ్ల మధ్యనే రుచి చూసినవాడికి బడిలో ఎర్రసిరా గీత అంత పెద్ద అవమానంగా తోచదు. ఓడిన తరువాత కాయిన్లు ఏరి పెట్టడం మాత్రం వాడి పనే. ఉక్రోషం రావడం తప్పు కాదు, విసిరేసినవాటిని ఏరకపోవడం తప్పు. అత్తగారితో మీరు వాదానికి దిగవద్దు. ఏడుపు తనంతట తాను తగ్గే వీలు ఇవ్వకుండా ఫోను ఇస్తే, తగ్గించుకోవడం వాడికి ఎప్పటికీ అలవాటు కాదని నెమ్మదిగా చెప్పండి. ఫోనుకు బదులు ఆమె ఒడే ఇవ్వవచ్చు.

ఇక బడి విషయం. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. అయినా చట్టం చేతబట్టుకుని వెళ్లమని నేను సలహా ఇవ్వను. టీచరుగారితో తీరికగా మాట్లాడి, తప్పిన లెక్కను వాడిచేత అక్కడే మళ్లీ చేయించమనీ, ఉక్రోషం వచ్చినప్పుడు మంచినీళ్లు తాగి రావడానికి ఒక సైగ ఏర్పాటు చేయమనీ కోరండి. తనను తాను గాయపరచుకోవడం, తోటివారిని కొట్టడం, నిద్రా తిండీ తగ్గడం, బడికి వెళ్లననడం వారాల తరబడి సాగితే మాత్రం ఆలస్యం చేయకుండా మనోవైద్యులకు చూపించాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: నేను నెల్లూరు జిల్లా కావలి ప్రాంతంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. నా తరగతిలో ముప్పై అయిదు మంది పిలకాయలు ఉన్నారు. ఒక్కొక్కరి మనసూ చూసుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలి?

సమాధానం: మాస్టారూ, దీనికి ప్రత్యేకంగా పీరియడ్ అవసరం లేదు. మధ్యాహ్న భోజనం తరువాత ఆటలో గొడవపడి వచ్చిన పిల్లలకు వెంటనే పాఠం మొదలుపెట్టకుండా రెండు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీయించండి. ఆ రెండు నిమిషాలూ పాఠంలో మీకు తిరిగి వస్తాయి. అప్పుడప్పుడు బోర్డు మీద మీరే ఒక లెక్క తప్పు చేసి, ‘అరే, తప్పిందే’ అని నవ్వుతూ దిద్దుకోండి. ఇక అందరి మనసూ ఒకేసారి చూడాలన్న బెంగ వద్దు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంటి కలహాల వంటి కష్టాలు చుట్టుముట్టిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది నిబ్బరంగా ఎదిగారు. అలా ఎదిగినవారికి తమను పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒక్కరైనా ఉన్నారు, కొందరి విషయంలో ఆ ఒక్కరు బడిలోని ఉపాధ్యాయులే. మీ ముప్పై అయిదు మందిలో ఇంటి దగ్గర అలాంటి మనిషి లేనివారు ఎవరో మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. రేపు హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, ముఖం చూసి పలకరించండి.